లైటు వెలగడానికి మూడు రోజుల ముందు

మానవజాతి పొగను జయించింది. ఈ విషయాన్ని పొగకు ఇంకా లిఖితపూర్వకంగా తెలియజేయలేదు, అంతే. ఈలోగా మా సంస్థ లారీల పొగగొట్టాల్లో ఒక్కో ఫిల్టర్ ఉంటుంది. వాటి యోగక్షేమాలు చూసే విభాగాధిపతిని నేను. (విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే. అయినా అధిపతినే.)

ఫిల్టర్ పని మసిని పట్టడం. అది నిండితే డ్రైవర్ ముందు పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు లారీని ఓ పక్కన ఆపి, బటన్ నొక్కి, ఇంజిన్‌ను నలభై నిమిషాలు నడవనివ్వాలి. ఆ వేడికి మసి కాలిపోతుంది. "లైటు వెలిగిన వెంటనే విధిగా ఆగవలెను" అని మంగళవారం సర్క్యులర్ రాశాను. మేనేజరు భుజం తట్టాడు. ఆ ఊపులో గురువారం ఇంకోటి రాశాను: "నిలిచిన లారీలో ఇంజిన్ అయిదు నిమిషాలు దాటి నడిచినచో యాప్‌లో నల్లచుక్క పడును. మూడు చుక్కలకు ఉద్యోగం పోవును." ఈసారి రెండు భుజాలూ తట్టాడు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ముఖ్యంగా నాకు.

తర్వాతి వారం ఓ పొద్దున్నే మొదటి ఫోన్ మా బావ నుంచే వచ్చింది. నా చెల్లెలి భర్త, మా సంస్థలోనే డ్రైవర్, అప్పటికే రెండు చుక్కలవాడు. (ఆఫీసు ఫోన్లో చుట్టరికాలు నిషేధం. అదీ నేను రాసిందే.)

"లైటు వెలిగింది సార్. ఆగితే మూడో చుక్క. ఆగకపోతే కాసేపటికి బండే మొరాయిస్తుంది. ఏం చేయమంటారు?"

"రెండు నిబంధనలూ పాటించండి."

"నిలబడి నడవమంటారా?"

"మినహాయింపు ఫారం ఉంది. లైటు వెలగడానికి మూడు రోజుల ముందు ఇవ్వాలి."

"ఇక్కడో మెకానిక్ అసలు ఫిల్టర్నే పీకేస్తానంటున్నాడు. లైటూ ఉండదు, చుక్కా ఉండదట."

నేను దగ్గాను. (దగ్గు మా విభాగంలో అనధికారిక అనుమతి.)

"దగ్గితే నాకేం అర్థమవుతుంది బావా? వెనకాల స్కూటర్ల మీద వచ్చేవాళ్ళ మొహాన మసి కొట్టమంటావా? నా వల్ల కాదు. బండి ఆపేస్తున్నా."

ఆపాడు. నలభై నిమిషాలు. ఫిల్టర్ శుభ్రపడింది, లారీ నిక్షేపంగా షెడ్డుకు చేరింది. యాప్ మాత్రం అయిదో నిమిషం దాటగానే తన విధి నిర్వర్తించింది. దానికి లైటు సంగతి తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

మధ్యాహ్నానికి తొలగింపు ఉత్తర్వు సంతకం కోసం నా బల్ల మీదికొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. గురువారం నాటి సర్క్యులర్ తప్పని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబుదామని మేనేజరు గదిలోకి వెళ్ళాను కూడా. నేను నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డాడు. "సొంత బావనైనా వదల్లేదయ్యా, శభాష్!" అన్నాడు. థాంక్స్ చెప్పి, వెనక్కొచ్చి సంతకం పెట్టాను.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో కోపం కూడా లేదు. "ఇంతకీ ఆయన చేసిన తప్పేంటన్నయ్యా?"

"నేను రాసింది నమ్మాడమ్మా" అన్నాను.