నమేలె ఆకు, నలభై బస్తాలు

గురువారం పొద్దున్న లెయిమాస్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి లారీ వస్తుంది. రేవు బజారు గుమ్మం ముందు పేర్చిన ప్లాస్టిక్ బస్తాలన్నీ ఊరి బయటికి పోతాయి. పదకొండింటికి పొరుగు దీవుల నుంచి పరిశీలకులు వచ్చి, అద్దంలా మెరుస్తున్న బజారును చూసి మెచ్చుకుని వెళ్తారు. మధ్యాహ్నం డైరెక్టరు తోఆరా గారు ఆమె ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తారు. ఆరేళ్ళుగా ఆమె ప్లాస్టిక్ నిషేధ విభాగంలో తాత్కాలిక అధికారి. ఈసారి కూడా తప్పిపోతే శనివారంతో ఒప్పందం సరి. తట్టాబుట్టా సర్దుకుని సొంతూరున్న ఎపి దీవికి పడవెక్కాల్సిందే.

ఆ బస్తాల నిండా నిషేధం అమలులో పట్టుకున్న సంచులు, స్ట్రాలు, తెల్లటి ఫోమ్ డబ్బాలు ఉన్నాయి. చిక్కేమిటంటే, ఇవాళ పట్టుకున్న డబ్బాలు రేపటికల్లా వేయించిన చేపముక్కలతో సహా మళ్ళీ జనం చేతుల్లో కనిపిస్తున్నాయి. నిన్న నలభై నాలుగున్న బస్తాలు ఇవాళ నలభై అయ్యాయి. లారీ వచ్చేలోగా ఇంటికెళ్ళి గౌను ఇస్త్రీ చేసుకురావాలి, ఇక్కడ చూస్తే కాపలాకి మనిషి లేడు. లెయిమాస్ అటూ ఇటూ చూసింది. ఆఫీసు వెనక మొక్క నుంచి రెండు నమేలె ఆకులు కోసుకొచ్చి, బస్తాల ముందు అడ్డంగా పాతేసింది. అరగంటేగా అనుకుంది.

నమేలె పాతిన చోట ఈ వనువాటు దీవుల్లో ఎవరూ అడుగు పెట్టరు. దాన్ని పెట్టే హక్కూ తీసే హక్కూ ఊరిపెద్ద చీఫ్‌దే; ఆయన తీయించేదాకా ఆ చోటు మూసినట్టే.

ఇస్త్రీ గౌనులో తిరిగొచ్చేసరికి బస్తాలు చెక్కు చెదరలేదు. లెయిమాస్‌కి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చట లాప్‌లాప్ దుంపరొట్టెలు అమ్మే పెద్దావిడ వచ్చేదాకా నిలిచింది. ఆవిడ గంపలు దించి గుమ్మం బయటే నిలబడిపోయింది.

"ఎవరు పోయారమ్మా?" అంది మెల్లగా.

"ఎవరూ పోలేదత్తా."

"మరి బజారెందుకు మూశారు?"

"బజారు కాదత్తా, ఆకు బస్తాలకి మాత్రమే."

"బస్తాలేమో గుమ్మానికడ్డం, ఆకేమో బస్తాలకడ్డం. బస్తాలకి మాత్రమేనని ఆకేమైనా నోరిప్పి చెప్తుందా?" అంటూ ఆవిడ గంపలెత్తుకుని రోడ్డు అవతలికి నడిచింది. ఆవిడ వెనకే కొబ్బరికాయలవాళ్ళు, వాళ్ళ వెనకే చామదుంపలవాళ్ళు. పావుగంటలో బజారంతా రోడ్డు మీద పరుచుకుంది, లోపల ఈగలు మాత్రం మిగిలాయి.

ఎనిమిదిన్నరకి లారీ వచ్చింది. డ్రైవరు తాసో ఆకును చూసి ఇంజను ఆపేశాడు.

"ఎక్కించు తమ్ముడూ, టైమైపోతోంది."

"ఏ చీఫ్ పెట్టాడక్కా?"

"ఏ చీఫూ కాదు. నేనే పెట్టాను."

తాసో ఆమెను ఎగాదిగా చూశాడు. "చీఫ్ పెట్టుంటే ఆయన్ని అడిగి తీసేవాళ్ళం. నువ్వు పెట్టావంటే ఇంకెవర్ని అడగాలి?"

"అడిగేదేముంది, నేనే పీకేస్తా చూడు" అని లెయిమాస్ వంగింది. వంగింది గానీ చెయ్యి ముందుకు పోలేదు. తన ఆఫీసు పెరట్లో తన చేత్తో కోసిన ఆకే. అయినా చిన్నప్పుడు తాతయ్య చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నిజంగానే భయం వేసింది. జడపిన్ను పడినట్టు కాసేపు నేలంతా వెతికి లేచి నిలబడింది.

"దొరికిందా?" అన్నాడు తాసో.

ఈలోగా రోడ్డు మీద కబురు కాళ్ళు తెచ్చుకుంది. బజారు స్థలం కోసం రెండు వంశాలు కొట్టుకుంటున్నాయన్నారు. కాదు, రేవు మొత్తానికే నిషేధమన్నారు. అది విని పడవలవాళ్ళు వేట మానేసి ఒడ్డుకొచ్చారు. వాళ్ళని చూసి బస్సులు ఆగాయి. సంగతేమిటో కనుక్కోవడానికొచ్చిన ఇద్దరు పోలీసులు ఆకును చూడగానే టోపీలు తీసి పక్కన నిలబడ్డారు. పోలీసులే నిలబడ్డారంటే ఏదో ఉందని మిగిలినవాళ్ళకి రూఢి అయింది.

"బజారు ఖాళీ అయిందట, బాగా శుభ్రం చేయించావా?" అని డైరెక్టరు ఫోను.

"జరుగుతోంది సార్" అంటూనే లెయిమాస్ పరుగు తీసింది.

చీఫ్ కల్మసే చర్చి వెనక ఇనప గుండ్లాట ఆడుతున్నాడు. గుండు చేతిలో పట్టుకునే అంతా విన్నాడు.

"పెట్టిందెవరు?"

"మా ఆఫీసే, పెద్దయ్యా."

"ఆఫీసుకి చేతులుండవు. నన్నడక్కుండా ఆకు పాతిన మనిషి ఎవరో నా ముందుకి రావాలి. జరిమానాగా కోర మెలి తిరిగిన పందిని తేవాలి. అప్పుడు తీస్తాను." ఇంత చెప్పి గుండు విసిరాడు. అది గురి తప్పడం కూడా ఆమె నెత్తినే పడింది.

కోర మెలి తిరిగిన పంది ఊళ్ళో ఒకటే ఉంది. అది మేనమామ నావిటి పెరట్లో ఉంది. లెయిమాస్ ఉద్యోగంలో చేరిన వారమే, పర్మనెంటు కాగానే విందుకని ఆయన దాన్ని పిల్లగా కొన్నాడు. పర్మనెంటు వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఆరేళ్ళు గడిచాయి. కోర నిండు చుట్టు తిరిగింది.

"మామయ్యా, ఆ పందిని ఇస్తావా? ఉద్యోగం పోయేట్టుంది."

"అది నీ ఉద్యోగం పర్మనెంటయితే కోసేదమ్మా. పోయేట్టుంటే కోసేది కాదు."

"ఇది ఇస్తేనే అవుతుంది మామయ్యా."

"అవనీ, అయ్యాక ఇస్తా. ముందు కాగితం చూపించు. ఆరేళ్ళు కుడితి పోసినవాణ్ణి, నా మాటకి విలువ లేదా?"

ఎంత బతిమాలినా ఆయన కదల్లేదు, పందీ కదల్లేదు. లెయిమాస్‌కి ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికి టైము లేదు. పదకొండు కావస్తోంది.

బజారు దగ్గరకు చేరేసరికి పరిశీలకుల బస్సు వచ్చేసింది. డైరెక్టరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ముందు ఖాళీ బజారు, గుమ్మంలో నలభై బస్తాలు, చుట్టూ నోరెత్తని జనం. బృందానికి పెద్ద, మేలే అనే ఆవిడ, కళ్ళజోడు సవరించుకుని ఆకు ముందు ఆగింది.

"దీనికి కాపలా ఎవరండీ?"

"ఎవరూ లేరు" అన్నాడు డైరెక్టరు నీరసంగా.

"తాళం? కెమెరా?"

"లేవండి."

"మా దగ్గర పట్టుకున్న సంచుల్ని గోదాములో పెట్టి, ఇద్దరు కాపలావాళ్ళని పెట్టాం. సంచులూ పోయాయి, గోదాము తలుపూ పోయింది" అందావిడ. గబగబా రాసుకుంది. "ఇంతమందిలో ఒక్కరూ ముట్టుకోలేదంటే మాటలా. ఎవరిదండీ ఈ ఆలోచన?"

లెయిమాస్ ముందుకొచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, నిజమైనా చెప్పేద్దామనుకుంది. "అది నేను..."

"నువ్వుండమ్మా, నీకేం తెలుసు" అని డైరెక్టరు అడ్డొచ్చాడు. ఆయన ముఖానికి కళ వచ్చేసింది. "ఆలోచన నాదేనండీ. ఆకు కూడా నేనే స్వయంగా పాతాను. దీన్ని దేశమంతటా విధానంగా తేబోతున్నాం."

"మంచిది" అన్నాడు వెనకనుంచి చీఫ్ కల్మసే. గుండ్లాట ముగించుకుని అప్పుడే వచ్చాడు. "పొద్దుట్నించీ ఆ మనిషి కోసమే చూస్తున్నాను. పందేదీ?"

పరిశీలకులు అది కూడా రాసుకున్నారు.

వాళ్ళు బస్సెక్కగానే డైరెక్టరు లెయిమాస్‌ని పక్కకి లాగాడు. "పెట్టింది నువ్వేనని పెద్దాయనకి చెప్పమ్మా."

"చెప్పబోయాను సార్. నాకేం తెలుసన్నారు. ఇప్పుడు మాట మారిస్తే నివేదికలో బాగుండదేమో."

నివేదిక అనగానే ఆయన వెనక్కి తగ్గాడు. రోడ్డు మీద బస్సుల హారన్లు, రేవులో పడవలవాళ్ళ కేకలు. మంత్రిగారి ఆఫీసు నుంచి మూడోసారి ఫోను మోగింది. గంట తిరక్కుండా డైరెక్టరు తోఆరా నావిటి పెరట్లో, మెరిసే బూట్లతో బురదలో నిలబడి ఉన్నాడు.

"అది అమ్మేది కాదు సార్" అన్నాడు నావిటి కుడితి బకెట్టు దించకుండానే. "మా మేనకోడలు పర్మనెంటయ్యే రోజుకని పెంచాను. కాగితం ఉంటే చూపించండి, ఇప్పుడే తోలుకుపోండి."

డైరెక్టరు పందిని చూశాడు, పంది డైరెక్టరును చూసింది. ఆరేళ్ళుగా కదలని దస్త్రం నలభై నిమిషాల్లో నాలుగు బల్లలు దాటి సంతకానికొచ్చింది.

దరఖాస్తులో 'తక్షణం పర్మనెంటు చేయుటకు కారణం' అన్న గడి దగ్గర ఆయన కాసేపు ఆగి, 'పంది' అని రాసి, కొట్టేసి, 'ప్రజాప్రయోజనం' అని రాశాడు.