ఇంటాక్సికేటెడ్ మీద విచారణ సంఘం

'ఇంటాక్సికేటెడ్' అనే ఇంగ్లీషు మాటకు అర్థమూ, పుట్టుకా తేలేదాకా ఎవరి మీదా కేసు రాయరాదని మన అబ్కారీ మంత్రి పంపాపతిగారు ప్రకటించారు. భాష మీద ఇంత మమకారమున్న నాయకుడు బళ్లారి జిల్లాకు దొరకడం మన అదృష్టం. ఆ మాటను డాక్టరు రాసింది మంత్రిగారి గురించే కావడం కాకతాళీయం.

జరిగింది చిన్న విషయం. పొద్దున్నే హగరి రైల్వే స్టేషను ముందు మంత్రిగారు స్వయంగా కారు నడుపుతూ ఉచ్చంగెమ్మ ఉగ్గాని, బజ్జీలు అమ్మే టిఫిను బండిలోకి వెళ్లారు. బండి తుక్కయింది, ఆమె కాలు విరిగింది. కేసు రాస్తేనే పరిహారంగా ఆమెకు కొత్త బండి వస్తుంది. బండి వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

సంఘం వేశారు. అధ్యక్షుడు రిటైర్డు ఇంగ్లీషు లెక్చరర్ హంపయ్యగారు, టైపిస్టును నేను. మొదట ఉచ్చంగెమ్మను పిలిచాం.

"ఆ మాటకు అర్థం తెలుసునా అమ్మా?"

"తాగినాడని! దీనికి పుస్తకాలెందుకప్పా? కారు దిగి నా బజ్జీల మీదనే పండుకునె."

"అది సాక్ష్యం. మాకు కావలసింది అర్థం," అన్నారు హంపయ్యగారు. ఎంత సూక్ష్మబుద్ధి!

మూడు నెలలు సండూరు గెస్ట్‌హౌస్‌లో ఉండి డిక్షనరీలు తిరగేశాం. సాయంత్రాలు అనుభవపూర్వకంగా కూడా పరిశోధించాం. ఆ పేజీల్లో నా టైపింగు కాస్త వంకరపోయింది.

చివరికి హంపయ్యగారు మంత్రిగారి ముందు రిపోర్టు చదివారు. "గ్రీకులు వింటిని టాక్సన్ అన్నారు. దాని నుంచి బాణానికి పూసే విషానికి పేరొచ్చింది. అదే లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు చేరింది. కాబట్టి సార్, మూలార్థం ప్రకారం మీరు విషబాణం తగిలిన మనిషి."

మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "హౌదా? నేను సుమ్నే, ఉత్తినే తాగినాననుకుంటి గదప్పా!"

ఆ వాక్యం టైపు చెయ్యవద్దని హంపయ్యగారు నాకు సైగ చేశారు.

బాణం వేసినవాళ్లను పట్టమని ఎస్సైకి ఆర్డరు వెళ్లింది. కేసు సంగతి అడగడానికి వచ్చిన ఉచ్చంగెమ్మ పోలీసు స్టేషను వరండాలోనే ఉంది.

"కారు వచ్చినప్పుడు సాహెబ్‌కు ఎదురుగా ఎవురుండ్రి?" అన్నాడు ఎస్సై.

"నేనేప్పా. ఇంకెవురుంటారు?"

"ఒప్పుకునింది, రాసుకోండి. ఆ చేతిలోదేంది?"

"ఊతకర్ర."

"విల్లు మాదిరి వంగిండాదే?"

"నా బరువుకు వంగిండాదప్పా."

కర్ర సీజయింది. మూడు నెలలుగా కదలని కలం మూడు నిమిషాల్లో కేసు రాసేసింది. ఈ వేగం మన పోలీసులకే చెల్లు. ఉచ్చంగెమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి వేలిముద్ర వేసింది.

"కేసు రాసినారు గదా," అంది సంతోషంగా, "ఇంక నా బండి ఎప్పుడొస్తాదప్పా?"