బురదమ్మ ప్రభావ విజయము

నేలకు నీటిని, నీటికి బురదను, బురదకు కప్పను, కప్పకు బెకబెకను అనుగ్రహించిన పరమాత్ముడికి ముందుగా చేతులు జోడించి, ఆయన ఇంతటి సృష్టికార్యాన్ని ఎవరికీ దరఖాస్తు పెట్టుకోకుండా, మూడు ప్రతులు జతచేయకుండా, నక్షత్రపు గుర్తున్న ఒక్క గడినైనా నింపకుండా ఎలా సాగించగలిగాడా అని వినయంగా విస్మయపడి, ఇక కథలోకి దిగుదాం.

అది వానాకాలపు మేఘసేనలు దిగంతాల ఆవల ఇంకా కవాతు నేర్చుకుంటున్న కాలం. వారాల్లో శుక్రవారం. ఆ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలంటే సమస్త పరిశోధకలోకానికి ప్రళయఘడియ; ఆ ఘడియకు పరిశోధన మండలివారి వెబ్‌సైటు మహాద్వారాలు ధడాలున మూసుకుంటాయి, మూసుకున్నవి మళ్లీ ఏడాదికి గాని తెరుచుకోవు, ఈలోగా ఎంత మొత్తుకున్నా లోపలి నుంచి వినవచ్చే అశరీరవాణి ఒక్కటే: "గడువు ముగిసినది."

అటువంటి ఘోరదినాన, ఉదయం ఎనిమిది గంటలకు, వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి వీరాసనంలో కూర్చుని ఉన్నది మన కథానాయిక. పంకవిహారిణి, జలమానదండధారిణి, మోకాలిదాకా రబ్బరు బూట్లు ధరించిన ధీర, మశకసైన్యాలకు వెన్నుతో పాటు మెడా చేతులూ కూడా అప్పగించి చలించని స్థితప్రజ్ఞ. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందిగాని, ఆమె బూట్ల ముద్రలు విశ్వవిద్యాలయం మెట్ల మీద మొదటిసారి పడ్డ రోజు నుంచి అందరూ పిలిచేది బురదమ్మ అనే.

ఊరి చివర ఒక మడుగు ఉంది. అందులో అంకెలు చెక్కిన కర్ర ఒకటి పాతి ఉంది. బురదమ్మ ప్రతి మంగళవారం మడుగులోకి దిగి, కర్ర మీద నీరెంత ఉందో చూసి, సీసాలో కాస్త బురద పట్టుకుని వస్తుంది. పదకొండేళ్లుగా ఒక్క మంగళవారం తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు, మరిది పెళ్లి వచ్చినా తప్పలేదు. పెళ్లివారికి ఆడపడుచు చెప్పిన సంజాయిషీ: "వదిన నీళ్లు చూడ్డానికెళ్లింది." ఈ నెలాఖరుకు పాత నిధులు అయిపోతాయి. కొత్త ప్రాజెక్టు లేకపోతే మడుగులో కాలుపెట్టే అనుమతి కూడా రద్దు. తెగిన దారానికి ముడి వేయవచ్చు గాని, దాటిపోయిన మంగళవారానికి ముడి వేయలేం. ఆ రోజు ఎంతవరకు వచ్చిందో తర్వాత నీటికే గుర్తుండదు.

అందుకే ఈ యుద్ధం. ముప్పై రెండు గడుల పద్మవ్యూహం. ఒక పెద్ద అక్షరం, ఒక చిన్న అక్షరం, ఒక అంకె, ఒక వింత గుర్తు కలిస్తే గాని లోనికి రానివ్వని పాస్‌వర్డు అనే ద్వారపాలకుణ్ణి మంచి చేసుకుని, ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే అంతా మరచిపోయి మళ్లీ "మీరెవరు?" అని అడిగే మాయావిని ఓర్చుకుని, తొమ్మిది రోజుల్లో ముప్పై గడులు జయించింది. ఇప్పుడు ఎదుట నిలిచినది ముప్పై ఒకటో గడి. అందులో ప్రశ్న: "మీ పరిశోధన ప్రభావం ఏమిటి?"

బురదమ్మ చిరునవ్వు నవ్వింది. ఆమె వృత్తిలో ప్రభావమంటే ఏమిటో ఆమెకు తెలియదా? ఫ్యాక్టరీ కాలువ చేపలకు చేసేది ప్రభావం. కొత్త రోడ్డు కొంగలకు చేసేది ప్రభావం. ప్రభావం మీద ఆమె ఎన్ని నివేదికలు రాసింది! "ఏ ప్రభావమూ ఉండదు. మా రాకపోకల వల్ల ఒక్క కప్ప కూడా ఉలిక్కిపడదు" అని మొదలుపెట్టి, బూట్లు కడిగిన నీళ్లు ఎక్కడ పారబోస్తారో కూడా వివరిస్తూ నాలుగు పేరాలు రాసింది.

ఎదురుగా బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తారు. "ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"ప్రభావం ఏమిటని అడిగారత్తయ్యా. అస్సలుండదని రాసేశాను."

"మంచిపని చేశావు. ప్రభావమంటే గ్రహాలదైనా అయ్యుండాలి, చెడు సావాసానిదైనా అయ్యుండాలి. మనింట్లో రెండూ లేవు."

"మీ అబ్బాయి స్నేహితుల్ని మర్చిపోతున్నారు."

"వాళ్లు గ్రహాల కిందకొస్తార్లే."

అలా పెద్దల ఆశీర్వాదం కూడా పొంది, ముప్పై రెండో గడిలో సంతకం పెట్టి, దరఖాస్తును విశ్వవిద్యాలయం పరిశోధన విభాగానికి పంపింది. అక్కడి సూపరింటెండెంటుగారు చదివి, తన మీట నొక్కితే గాని అది మండలికి చేరదు.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి, విశ్వవిద్యాలయం పై అంతస్తులో తన గదిలో ఉన్న ఆమె ఫోను మోగింది. "అమ్మా, నేను సూపరింటెండెంటుని. ఒక్కసారి కిందికి రండి. లిఫ్టు కోసం చూడకండి."

రెండు ఇనప బీరువాలు గల గది అది. ఒకదాని తాళంచెవి రెండోదాంట్లో ఉండిపోయినందున రెండూ సగౌరవంగా మూసే ఉంటాయి. వాటి మధ్య, చూపుడువేలికి రబ్బరు తొడుగు ధరించి, ఇరవై ఆరేళ్లుగా గడులనే గ్రహగతుల్లా పరిశీలిస్తున్న ఆ మహానుభావుడు, వగరుస్తూ వచ్చిన బురదమ్మను కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ముప్పై ఒకటో గడి మీరే రాశారా, ఎవరైనా పగవాళ్లు రాశారా?"

"నేనే సార్. ఏం?"

"ఏ ప్రభావమూ ఉండదని రాశారు."

"ఉండదు సార్. ఒట్టు."

"ఉండాలమ్మా!"

"ఎందుకుండాలి సార్? నేనేమన్నా ఫ్యాక్టరీ పెడుతున్నానా?"

సూపరింటెండెంటుగారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "అయ్యో తల్లీ! ప్రభావమంటే చెడు కాదు, మంచి! మీకు నిధులిస్తే లోకానికి ఏం ఒరుగుతుంది అని వాళ్ల ప్రశ్న. మీరేమో ఏమీ ఒరగదని నాలుగు పేరాల్లో, ఆధారాలతో సహా రుజువు చేసి పెట్టారు."

పిడుగుపాటున కూలిన మహావృక్షంలా ఆమె కుర్చీలో కూలబడింది. "హా విధీ! ఏకాదశ వర్షములు ఏ పదమును శత్రువుగా నెంచి పోరితినో, ఆ పదమే నేడు మిత్రవేషమున వచ్చి నన్ను వంచించెనా!" అని విలపించింది. అంటే, ఆమె నోటి వెంట వచ్చిన మాట "ఛ!" ఒక్కటే; తక్కినదంతా ముఖంలో కనిపించింది.

గోడ గడియారం మూడూ ఇరవై ఎనిమిది. బురదమ్మ ఆయన కంప్యూటరు ముందుకు జరిగి, పాత నాలుగు పేరాలను ఒక్క మీటతో సంహరించి, కొత్తగా కొట్టింది: "ఈ పరిశోధన భూగోళాన్ని పెనుముప్పు నుంచి కాపాడుతుంది."

"వద్దమ్మా," అన్నారాయన. "అందరూ భూగోళాన్నే కాపాడుతున్నారు. ఈ వారంలో నా బల్ల మీదే ఏడుసార్లు కాపాడారు. రసాయనశాస్త్రం వాళ్లయితే రెండుసార్లు. మండలివాళ్లకి విసుగొచ్చేసింది."

"మరేం రాయను?"

"నిజం రాయండి."

"నిజమేంటో నాకు తెలిస్తే కదా సార్! వెళ్తాను, కర్ర చూస్తాను, అంకె రాసుకుంటాను, ఇంటికొస్తాను. పదకొండేళ్లు. దానివల్ల ఎవరికైనా ఏమైనా…"

అక్కడ ఆమె ఆగిపోయింది. దీపం పెట్టిన ఇల్లాలు ఆ వెలుగు వీధిలో ఎంతదూరం పోయిందో కొలుచుకుంటుందా? పెట్టడం తన పని, పెడుతుంది. కాని ఎవరో వచ్చి, ఆ వెలుగులో ఎవరైనా నడిచారా అని అడిగితే ఏం చెప్పాలి? ఎవరూ నడవలేదేమోనన్న భయం ఆమెకు ఆ క్షణంలో మొదటిసారి కలిగింది. అది నిధులు రావేమోనన్న భయంకన్నా పెద్దది.

ఇంతలో మాయావి "మీరెవరు?" అన్నాడు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పి మూడోసారి పడింది. మూడూ ముప్పై తొమ్మిది. మడుగు దగ్గర మనిషంటూ ఉన్నది ఒక్కరే, పంపుహౌస్ కాపలాదారు. పదకొండేళ్ల పరిచయంలో ఆయన ఆమెకు బాబాయి అయిపోయాడు. ఆమె ఫోను తీసింది.

"బాబాయ్, ఒక్క మాట చెప్పు. నా కొలతల వల్ల అక్కడ ఎవరికైనా ఉపయోగమేమైనా ఉందా?"

"ఎవరన్నా ఏమన్నా అన్నారా నిన్ను?"

"అనలేదు, అడిగారు. తొందరగా చెప్పు బాబాయ్."

"అదేంటమ్మాయ్, గుడ్డ కడుతున్నా కదా!"

"ఏ గుడ్డ?"

"నీ కర్రకి. ఎర్ర గుడ్డ. నువ్వేమో మంగళవారం వచ్చి విప్పి సంచిలో వేసుకుపోతావు, నేను బుధవారం ఇంకోటి కడతాను. మీ పిన్ని ఎర్ర చీర అయిపోవచ్చింది, తిడుతోంది."

బురదమ్మ చెవులు రెండూ మండాయి. నిజమే. మూడేళ్లుగా ప్రతి మంగళవారం, ఏ బుద్ధిలేనివాడో మడుగులో చెత్త వేస్తున్నాడని మనసులో తిట్టుకుంటూ, ఆ గుడ్డను పట్టకారుతో తీసి, పుస్తకంలో "చెత్త: ఎర్ర గుడ్డ, ఒకటి" అని రాసి, పర్యావరణాన్ని రక్షించానని తృప్తిపడుతూ వస్తున్నది ఆమే.

"ఎందుకు కడుతున్నావు బాబాయ్?"

"నీళ్లు ఆ ముడి దాటాయంటే కింది మూడు వీధుల్లోకి వచ్చేస్తాయి. నేను గంట కొడతా. వాళ్లు మంచాలెత్తుకుంటారు, పిల్లల్ని మేడ మీదకి పంపుతారు. దాటకపోతే హాయిగా పడుకుంటారు."

"ముడి ఎక్కడ వెయ్యాలో నీకెలా తెలుసు?"

"నువ్వు నెలనెలా మా గోడకి కాగితం అంటించి పోతావే, అది చూసి. మడుగు ఏటా పూడుకుపోతోందని నువ్వే చెప్పావుగా. పోయినేటి ముడి ఈ ఏడు పనికిరాదు."

"మరి విప్పొద్దని మూడేళ్లుగా ఒక్కసారైనా చెప్పలేదేం?"

"పెద్ద చదువు చదివినదానివి. విప్పడంలో కూడా ఏదో లెక్క ఉందనుకున్నా."

ఫోను పెట్టేసి, ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. వానలు వచ్చే నెలలో. కొలత ఆగేది ఈ నెలాఖరున. కన్నుల్లో ఎర్రజీర, వేళ్లలో విద్యుల్లత, ముక్కుపుటాల్లో ఝంఝామారుతం మెరయగా, రణచండికలా కీబోర్డు మీద విరుచుకుపడింది. మూడూ యాభై నాలుగుకు ముప్పై ఒకటో గడిలో ఇంత ఉంది:

"మడుగు నీరు ఎర్ర గుడ్డ దాటితే కింది వీధుల వాళ్లు మంచాలు ఎత్తుకుంటారు. దాటకపోతే పడుకుంటారు. గుడ్డ ఎక్కడ కట్టాలో చెప్పేది పదకొండేళ్ల కొలతలు. కొలత ఒక్క ఏడాది ఆగినా, మరుసటి ఏడాది ముడి ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు."

సూపరింటెండెంటుగారు చదివారు. ఇరవై ఆరేళ్లలో ఆయన ఒక గడిని రెండోసారి చదవడం అదే మొదటిసారి. మీట నొక్కబోయారు. మీట బూడిదరంగులో ఉంది. కింద ఎర్రటి అక్షరాలు: "కనీసం ముప్పై మాటలు ఉండవలెను. మీరు రాసినవి: ఇరవై తొమ్మిది."

మూడూ యాభై ఆరు.

"ఒక్క మాట కలపండమ్మా! సుస్థిర అని పెట్టండి. సుస్థిర ఎక్కడైనా ఇముడుతుంది."

"ఎక్కడ పెట్టను సార్? సుస్థిర మంచాలా?"

"పోనీ, సమగ్ర?"

"సమగ్ర గుడ్డా?"

"ఏదో ఒకటమ్మా, టైమైపోతోంది!"

"సార్, వీటికి ఒక్క అబద్ధం కలిపానంటే ఇరవై తొమ్మిది నిజాలూ నీళ్లలో పోతాయి."

ఈ మాట ఆమె నిజంగానే అన్నది. కథకుడు దీనికి ఏ అలంకారమూ తొడగలేదు.

సూపరింటెండెంటుగారు రబ్బరు తొడుగు వేలిని తెర మీద ఒక్కో మాట కింద జరుపుతూ పోయారు. మూడో వాక్యం దగ్గర వేలు ఆగింది. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారి బెత్తం దెబ్బ ఆ వేలి మీదే పడింది. నలభై ఏళ్ల తర్వాత ఆ దెబ్బ పండింది.

"పదకొండేళ్ల… పదకొండు, ఏళ్ల. ఉత్వసంధి! అమ్మా, సంధి విడగొట్టండి!"

యుద్ధరంగాన సంధి కుదుర్చుకుని గట్టెక్కిన రాజులు ఎందరో ఉన్నారు. సంధి విడగొట్టి గట్టెక్కినది బురదమ్మ ఒక్కతే. రెండు అక్షరాల మధ్యకు గురిచూసి, ఒక కొమ్ము నిలబెట్టి, దాని వెనక పొడుగు మీటను వజ్రాయుధంలా ఒక్క పోటు పొడిచింది. పదకొండేళ్లు రెండుగా చీలి పదకొండు ఏళ్లయింది. ఇరవై తొమ్మిది ముప్పై అయింది. బూడిదరంగు మీట లేత వరిమడిలా పచ్చగా మారింది. రబ్బరు వేలు దాని మీద వాలింది. మూడూ యాభై తొమ్మిది.

తెర మీద ఒక చక్రం తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. అప్పుడు వెలిసింది శాసనం: "మీ దరఖాస్తు అందినది. ఇది పరిశీలనకు అర్హమా కాదా అన్న విషయము పరిశీలింపబడును. ఈ సందేశమునకు జవాబు ఇవ్వరాదు."

"అంతేనా?" అంది బురదమ్మ. "అందిందని చెప్పడానికేనా ఇంత?"

"అంతేనా అంటారేంటమ్మా! దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం పాత అనుమతి చెల్లుతుంది. మీరు మడుగులో దిగొచ్చు."

"ఎన్నాళ్లు పరిశీలిస్తారు సార్?"

సూపరింటెండెంటుగారు మండలివారి మందగమనాన్ని తలుచుకుని, జీవితంలో మొదటిసారి దానికి మనసులోనే నమస్కరించారు. "ఎంత తొందరపడ్డా ఎనిమిది నెలలు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముప్పై నాలుగు మంగళవారాలు. వానలు మొత్తం అందులోకి వచ్చేస్తాయి. నిధుల్లేక ప్రాజెక్టు వ్యాను ఉండదు, బస్సులో పోవచ్చు. బూట్లకు అతుకు వేయించుకోవచ్చు.

కావున ఓ శ్రోతలారా, దిక్కులు పిక్కటిల్లేలా చాటుదాం! నిధి రాలేదు, వస్తుందో రాదో ఆ దైవానికీ మండలికీ తెలియాలి. భూగోళం కాపాడబడలేదు, ఆ పని రసాయనశాస్త్రం వాళ్లు చూసుకుంటున్నారు. అయినను, ముప్పై రెండు గడుల ఆ మహాసంగ్రామంలో, గడియారం కత్తి మెడ మీద ఉండగా, పంకవిహారిణి, జలమానదండధారిణి, ఉత్వసంధివిచ్ఛేదిని అయిన మన బురదమ్మ, రెండు మాటల నడుమ చిటికెన వేలి గోరంత వెడల్పు గల ఒక ఖాళీ జాగాను సంపూర్ణంగా, తిరుగులేకుండా, న్యాయంగా జయించింది!