బరువు రద్దు చేసిన మంత్రిగారు

"రేపటి నుంచి ఈ దేశంలో పార్సెళ్లకు బరువు ఉండదు" అని మా శాఖ మంత్రిగారు ప్రకటించారు.

విలేకరుల్లో ఒకాయన లేచి, భూమ్యాకర్షణను కూడా రద్దు చేస్తున్నారా అని అడిగాడు. "అది మా శాఖ కిందికి రాదు" అన్నారు మంత్రిగారు ఎంతో హుందాగా. తర్వాత ఆయనే విడమర్చి చెప్పారు. ఇకపై పెట్టెలు మూడే: చిన్న, మధ్య, పెద్ద. రేటు పెట్టె సైజును బట్టి. లోపల దూది పెట్టుకున్నా సరే, ఇనుము కుక్కుకున్నా సరే.

నేను ఇరవై రెండేళ్లుగా పార్సెల్ కౌంటర్లో ముద్రలు కొడుతున్నవాణ్ణి. ఇంత సాహసమైన నిర్ణయం జన్మలో పార్సెల్ ఎత్తని మహానుభావుడు మాత్రమే తీసుకోగలడని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. తూకం యంత్రాన్ని స్టోర్ రూములో పడెయ్యాలి. ఏ రిజిస్టర్లోనూ, ఏ అర్జీలోనూ 'బరువు' అన్న మాట కనపడకూడదు. మా సూపరింటెండెంటుగారు నిష్ఠ గల మనిషి. పొద్దున్నే ఎర్ర సిరాతో కూర్చుని, పాత రిజిస్టర్లలో కూడా ఆ గడిని కొట్టేశారు.

మొదట వచ్చినవాడు ఇనప కొట్టు ఆసామి. చిన్న పెట్టె నిండా బోల్టులు పేర్చి, సందుల్లో వాషర్లు నింపుకొచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుదామని చూశాడు గానీ పెట్టె లేవలేదు.

"ఊపితే గలగలమనకూడదండీ" అన్నాడు. "చప్పుడయిందంటే లోపల ఖాళీ ఉన్నట్టు. ఖాళీకి పోస్టేజీ కట్టడం నాకు గిట్టదు."

ఆ పెట్టెను నేను కాలితో తోశాను.

అతని వెనకాల ఒక తల్లి, హాస్టల్లో ఉన్న కూతురికి దిండు పంపడానికి వచ్చింది.

"పెద్ద సైజు అమ్మా."

"ఓసారి బరువు చూడు నాయనా, ఉత్త దూదే కదా."

"ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా."

ఆవిడ బెంచీ మీద దిండేసుకుని దాని మీద అరగంట కూర్చుంది. అయినా మధ్య పెట్టెలో పట్టలేదు. ఏం చెయ్యాలో తోచక ఆసామి వైపు తిరిగి, "ఇనప దిండ్లు దొరుకుతాయా బాబూ?" అని అడిగింది. ఆసామి ఆలోచనలో పడ్డాడు.

నెల తిరిగేసరికి ఊళ్ళో బరువున్న సరుకంతా చిన్న పెట్టెల్లోకి చేరింది. పొదుపు బ్రహ్మాండంగా ఉందని మంత్రిగారు పత్రికల్లో రాయించుకున్నారు. నిజంగానే ఉంది. కాకపోతే ఆ పెట్టెల్ని ఇంటింటికీ మోసే మనిషి మా బావ. మా పెద్దక్క మొగుడు. ఆరు నెలల్లో రిటైరవుతాడు. సంచిలో ఆరు చిన్న పెట్టెలు పడతాయి కాబట్టి ఆరూ ఒక్కసారే మొయ్యాలని రూలు. అవి ఆరు పుస్తకాలా, ఆరు సమ్మెటలా అన్నది శాఖకు అనవసరం.

ఓ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి నిలదీసింది.

"నువ్వు హాయిగా కూర్చుని ముద్ర కొడతావురా. మోసేది ఆయన. ఇలాగే మోస్తే రిటైరయ్యేనాటికి నిటారుగా నిలబడలేడని డాక్టరు చెప్పాడు. ఒక తోపుడు బండి ఇప్పించలేవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే బావ పేర అర్జీ రాసిపెట్టాను. పార్సెళ్లు బరువుగా ఉన్నందున నడుము నొప్పి, బండి ఇప్పించ ప్రార్థన.

సూపరింటెండెంటుగారు బావను పిలిచారు.

"ఏమయ్యా, బరువు రద్దయి నెల దాటింది. లేనిదాన్ని ఎలా మోస్తున్నావు?"

"నొప్పిగా ఉందండి."

"అది చెప్పు. ఎంత సైజు?"

బావ నా వైపు చూశాడు. నేను సిరా సీసా వైపు చూశాను. సూపరింటెండెంటుగారు కొలత టేపు తీసి నడుము మీద ఆనించారు.

"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా?"

"ఇక్కణ్ణుంచి... ఇదిగో, ఇక్కడిదాకా."

"ఆరంగుళాలు. చిన్న సైజు నొప్పికి బండి రాదయ్యా, పూసుకునే మందు వస్తుంది."

ఆ మందు కూడా రాలేదు. ఇంకో నెల గడిచేసరికి నొప్పి నడుము నుంచి మడమ దాకా దిగింది. ఈసారి సూపరింటెండెంటుగారు నేల మీద మోకాళ్లానించి, స్వయంగా కొలిచి, "మూడడుగుల రెండంగుళాలు. పెద్ద సైజు" అని ముద్ర కొట్టారు. ఆయన కళ్లలో నిజంగా జాలి కనపడింది. రూలు ఒప్పుకున్నాక ఆయనంత మంచి మనిషి ఇంకొకరు లేరు.

అర్జీ పైకి వెళ్లింది. మంత్రిగారు చలించిపోయారు. మాతోపాటు ఊళ్ళోని మరో పన్నెండు ఆఫీసులకు తోపుడు బండ్లు ప్రకటించి, మొదటిది మా బావకు స్వయంగా అందిస్తామన్నారు.

ఆ రోజు ఆఫీసు ముంగిట్లో వేదిక కట్టారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క ముందు వరసలో కూర్చుంది. రెండు నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను, నా మనసూ తేలికపడింది.

"బండిని మామూలుగా పంపిస్తే పెద్ద సైజు కూడా దాటిపోతుందని అధికారులు నివేదించారు" అన్నారు మంత్రిగారు మైకులో. "ప్రజల సొమ్ము దుబారా చెయ్యడానికి నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. చిన్న సైజులోనే పంపించాం."

జనం చప్పట్లు కొట్టారు.

"బండి చిన్న పెట్టెలో ఎలా పట్టిందిరా?" అంది అక్క నా చెవిలో.

"మడత బండి అయ్యుంటుందక్కా" అన్నాను. ఒట్టు, నేను నిజంగానే అలా నమ్మాను.

పెట్టె గేటు దగ్గరుంది. పార్సెల్ చేరవేసేది డెలివరీ మనిషే కాబట్టి బావే వెళ్లి ఎత్తుకొచ్చాడు. దారిలో రెండుసార్లు ఆగాడు. వేదిక మెట్లెక్కి, మంత్రిగారి కాళ్ల దగ్గర దించాడు. మంత్రిగారు కత్తెరతో మూత విప్పారు.

లోపల నున్నగా చెక్కిన నల్లరాతి పలక ఉంది. సందుల్లో ఇనప వాషర్లు నింపారు. శాఖవారికీ ఖాళీకి పోస్టేజీ కట్టడం గిట్టదన్నమాట. రాతి మీద బంగారు రంగు అక్షరాలు: 'ఈ తోపుడు బండిని గౌరవనీయ మంత్రివర్యులు ప్రారంభించారు.'

ఫొటోలు తీశారు.

"బండి ఏదండీ?" అంది అక్క, కూర్చున్న చోటునుంచే.

"ప్రారంభించాం కదమ్మా" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

సూపరింటెండెంటుగారు రసీదు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. అందిన వస్తువు: తోపుడు బండి. సైజు: చిన్న. స్థితి: బాగున్నది. బావ వంగి సంతకం పెట్టాడు.

పెట్టినవాడు మళ్లీ లేవలేదు. నడుము అలాగే పట్టేసింది. పెన్ను చేతిలో ఉండగానే బల్ల మీదికి వంగి నిలబడిపోయాడు. అక్క పరుగెత్తుకొచ్చి ఆయన వీపు మీద చెయ్యేసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సూపరింటెండెంటుగారు ఒక్క క్షణం కంగారుపడ్డారు. తర్వాత జేబులోంచి టేపు తీసి, వంగిన మనిషిని నేల నుంచి వీపు దాకా జాగ్రత్తగా కొలిచారు.

"మధ్య సైజుకు తగ్గాడండి" అని మంత్రిగారికి మనవి చేశారు.

విలేకరులు రాసుకున్నారు. గేటు దగ్గర మిగతా పన్నెండు ఆఫీసుల పెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయి. అన్నీ మా బావ పంచాల్సినవే.