కొమురెల్లి కాంటా ఎక్కిన రోజు

1982 జనవరిలో ఒక ఆదివారం పొద్దున కొమురెల్లి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బీట్‌బజారుకు పోవాలి, బరువు చూసుకోవాలి, హోటల్లో చాయ్ తాగి ఇంటికి రావాలి. గురువారం హన్మకొండలో మిలిటరీ భర్తీ ఉందని, యాభై కిలోలకు తగ్గినవాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపుతారని అతని దోస్తు నయీముద్దీన్ ఖబరు తెచ్చాడు. కొమురెల్లి బీకాం రెండో ఏడు. మనిషి పొడుగే గాని ఒంటి మీద కండ అంతంత మాత్రం.

పోవాలా వద్దా అన్నది అతనికి చాలా రోజులుగా తెగడం లేదు. కాలేజీలో ఎన్.సి.సి. ఖాకీ తొడుక్కుంటే ఆ పళంగా సరిహద్దుకు పోవాలనిపించేది. ఇంటికొచ్చి, కంచంలో అన్నం పెడుతున్న తల్లి యాకమ్మ ముఖం చూస్తే తాముండే గిర్మాజీపేట దాటి అడుగు వేయబుద్ధయ్యేది కాదు. ఒక్కగానొక్క కొడుకు మిలిటరీ పేరెత్తితే ఆమె ఏమైపోతుందోనని అతని బెంగ. అందుకని, తెలివైనవాడు గనుక, ఆ పెత్తనం కాంటాకు అప్పగించాడు. యాభైకి తగ్గితే పీడా పోయింది. మించితే అప్పుడు ఆలోచించుకోవచ్చు. తన ప్లానులో లోపం ఉంటుందని కొమురెల్లికి బుద్ధెరిగిన నాటి నుంచీ ఒక్కసారి కూడా అనిపించలేదు.

అతను మరిచిందల్లా అవి ఎలాంటి రోజులన్నది. మేడారం జాతర దగ్గర పడుతోంది. ఆ రోజుల్లో వరంగల్లో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. కోరిక తీరినవాళ్లు తమ బరువుకు సరితూగే బంగారాన్ని సమ్మక్క సారలమ్మలకు సమర్పించుకుంటారు. ఎదిగిన మనిషి బెల్లం దుకాణంలో కాంటా ఎక్కాడంటే ఎందుకని ఎవరూ అడగరు, ఏ కోరిక తీరిందని మాత్రమే అడుగుతారు.

బెల్లం వ్యాపారి వెంకట్రాజం కూడా అదే అడిగాడు. కొమురెల్లి అప్పటికే ఒక పళ్లెంలో గొంతుక్కూర్చుని, పడిపోకుండా గొలుసులు పట్టుకుని ఉన్నాడు. రెండో పళ్లెంలోకి కిలో కిలో బెల్లం ముద్దలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి.

"ఏం పనైంది బిడ్డా?"

జవాబు నయీం ఇచ్చాడు. అతని కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. "మిలిటరీ పని సేటూ! జర మంచిగ జోకుండ్రి. యాబై దాటాలె."

వెంకట్రాజం చేతిలో ముద్ద ఆగిపోయింది. మొక్కు తీర్చేవాళ్లు చెప్పులు విప్పి, జేబులు ఖాళీ చేసి, ఊపిరి బిగబట్టి కాంటా ఎక్కడం ఆయన ఏటేటా చూస్తున్నదే. ఇంకా ఎక్కువ తూగాలని కోరుకునే భక్తుణ్ని చూడటం ఆయనకు అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి.

"యాబై రెండు!" అన్నాడు దండం పెడుతూ.

కొమురెల్లి కిందికి దూకి ఛాతీ విరుచుకున్నాడు. "మంచిది సేటూ, మల్ల కలుస్తం" అని, దోస్తుతో కలిసి చాయ్ హోటల్ వైపు ఉరికాడు.

సైకిళ్లు కిరాయికిచ్చే మొగిలయ్య కొడుకు అతనేనని వెంకట్రాజానికి తెలుసు. పాపం, నౌకరి వచ్చిన సంబరంలో పిల్లవాడు బంగారాన్నే మరిచిపోయాడు, పైసలు తండ్రి దగ్గర తీసుకోవచ్చులే అనుకున్నాడు. ముద్దలకు పసుపు రాయించి, కుంకుమ బొట్లు పెట్టించి, కొత్త గుడ్డ కప్పించి రిక్షా ఎక్కించాడు. రిక్షా తొక్కేవాడికి సంగతంతా చెప్పాడు కూడా.

హోటల్లో దోస్తులిద్దరూ ఒక చాయ్ చెరి సగం చేసుకున్నారు. "ఇగ సోంచాయించుకో భాయ్" అన్నాడు నయీం. కొమురెల్లి ఆలోచించాడు. మొదటి చాయ్‌కి పోదామనుకున్నాడు. రెండో చాయ్‌కి వద్దనుకున్నాడు. మూడో చాయ్‌కి నయీం జేబు ఖాళీ అయింది.

ఆలోగా బంగారం గిర్మాజీపేటకు చేరింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అర్జీ పెట్టకుండానే కొమురెల్లి మిలిటరీ జవాను అయిపోయాడు. మొగిలయ్య చేయి మీసం మీదికి పోయింది. పక్కింటి లక్ష్మీనర్సమ్మ బిందెడు నీళ్లు తెచ్చి, దేవతలకు పోసినట్టే బంగారం ముందు నేల మీద సాక పోసింది. మొగిలయ్యే డప్పులవాళ్లను పిలిపించాడు. సైకిలు తిరిగి తేవడం కాస్త ఆలస్యమైతే గల్లీ అదిరేలా పేచీ పెట్టుకునే మొగిలయ్య, "ఇయ్యాల్ల కిరాయి లేదు, తోలుకపోండ్రి!" అని తాళాలన్నీ తీసేశాడు.

సైకిళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. సైకిలు ఉచితంగా దొరికినవాడు కారణం చెప్పకుండా తొక్కడు గనుక ఖబరు కూడా వాటితోపాటే పోయింది. పోతూ పోతూ పెరిగింది. రంగశాయిపేటలో జవానుగా ఉన్న కొమురెల్లి కాజీపేట చేరేసరికి ఆఫీసరు అయ్యాడు.

అసలు మనిషి గల్లీ మొగలోకి వచ్చి, తన ఇంటి ముందు జనాన్ని చూసి ఎవరికేమైందోనని పరుగెత్తాడు. ఎదురొచ్చినవాళ్లు మెడలో బంతిపూల దండ వేశారు. గుడ్డ కింద పసుపు పూసిన ముద్దలు కనపడగానే అతనికి జరిగింది అర్థమైంది.

"బాపూ, నాకు నౌకరి రాలే!"

"సిగ్గువడకు కొడుకా!" అని మొగిలయ్య భుజం చరిచాడు.

"నేను చెప్త ఉండు" అని నయీం రిక్షా ఎక్కాడు. "కాకా, జర ఇనుండ్రి..." అనేలోపే అతని మెడలోనూ ఒక దండ పడింది. దోస్తుకు కూడా వచ్చిందట అని వెనక ఎవరో అన్నారు. నయీం దండ సర్దుకుని ఊరుకున్నాడు. అతనికి అది బాగానే ఉంది.

యాకమ్మ మాత్రం వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది.

"అవ్వా" అన్నాడు కొమురెల్లి.

"మాట్లాడకు. నాకు చెప్పకుంట పోయి నౌకరి తెచ్చుకున్నవ్."

"తెచ్చుకోలే అవ్వా. ఒట్టిగ బరువు జూసుకున్న. సేటు మొక్కనుకున్నడు. భర్తీ గురువారం ఉన్నది. పోవుడా, వద్దా అని నాకే తెలుస్తలేదు."

యాకమ్మ గిరుక్కున తిరిగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు కొడుకును దగ్గరికి తీసుకుంది. కాసేపటికి ఆమె చెయ్యి అతని వీపు మీద ఆగింది.

"యాబై దాటాలని జోకిచ్చుకున్నవా, దాటొద్దని జోకిచ్చుకున్నవా?"

ఆ ప్రశ్న కొమురెల్లి ప్లానులో లేదు. యాభై రెండు అన్న మాట వినగానే తన ఛాతీ ఎంత పొంగిందో గుర్తొచ్చింది. తల దించుకున్నాడు.

"దాటాలనే అవ్వా."

"మరి కాంటాను అడిగినవ్, నన్నడుగలే."

"నువ్వు ఏడుస్తవని."

"ఏడుస్త. ఏడ్వనా మరి? నేను ఏడుస్త, నువ్వు పో. దేని పని దానిదే" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సమ్మక్క తల్లి బంగారం ముందుగాల్నే ఇంటికొచ్చె. ఇప్పుడు ఎనుకకు తోలుమంటవా?"

ఇన్నాళ్లూ ఈ తల్లికి భయపడ్డానా అని కొమురెల్లికి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

సరిగ్గా అప్పుడే మొగిలయ్య లోపలికి వచ్చాడు. ఆఖరి మాటలు విని గడపలోనే నిలబడిపోయాడు. "నిజంగనే రాలేదా?"

ఊరంతా చాటించిన మనిషి, ఇక పరువు కోసమైనా పొమ్మంటాడని ఇద్దరూ అనుకున్నారు.

"అయితే పోవద్దు" అన్నాడు మొగిలయ్య.

"డప్పు కొట్టిచ్చింది నువ్వే గద బాపూ?"

"వచ్చిన నౌకరిని ఏం జేస్తమని డప్పు పెట్టిచ్చిన. నా ఏడుపు అండ్ల ఇనపడదని! రాని నౌకరిని కోరి తెచ్చుకునుడెందుకురా?" అంటూ అంత మీసాల మనిషీ బియ్యం డబ్బా మీద కూలబడి భోరుమన్నాడు. అతన్ని ఓదార్చడం యాకమ్మ వంతయింది.

గురువారం యాకమ్మ ముందు, కొమురెల్లి మధ్య, బతిమిలాడుతూ మొగిలయ్య వెనక హన్మకొండకు బయల్దేరారు. కొమురెల్లి పరుగెత్తాడు, బరువు తూగాడు, ఛాతీ కొలిపించుకున్నాడు. వాళ్లు అడిగినవన్నీ అతని దగ్గర ఉన్నాయి. చివరి బల్ల వెనక తెలుగు తెలిసిన ఆఫీసరు కలం తీశాడు. కంచె అవతల నుంచి ఒక గొంతు వినపడింది.

"సార్, వాడు పొద్దుగాల లేవడు సార్! కూర మంచిగ లేకుంటె తినడు సార్! మీతోని గాదు సార్!"

"ఎవరాయన?" అన్నాడు ఆఫీసరు.

"మా బాపు సార్."

"ఇంట్లో ఒప్పుకున్నారా?"

కొమురెల్లి కంచె వైపు తిరిగి చూశాడు. ఆఫీసరు చేతిలో కలం కనపడగానే యాకమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తోంది. మొగిలయ్య ఆమె భుజం పట్టుకుని, "ఊకో, ఏంగాదు, మనోడు సిపాయే" అని ధైర్యం చెబుతున్నాడు.

"వంతులవారీగ ఒప్పుకుంటాండ్రు సార్" అన్నాడు కొమురెల్లి.

ఆఫీసరు నవ్వలేదు. అందరిళ్లల్లో అంతేనని పేరు రాసుకుని, తర్వాతివాణ్ని పిలిచాడు.