దాచుకునే విద్య, మొదటి క్లాసు ఫ్రీ

“దేశ ఆర్థిక భవిష్యత్తు పిల్లల చేతుల్లో ఉంది. ఆ చేతులకు శిక్షణ మా చేతుల్లో ఉంది!”

సాఫ్ట్‌వేరు జోరు మీదున్న రోజుల్లో, అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డుల నడుమ రామ్మోహనరావు వేలాడదీసిన బోర్డు ఇది. ఊరంతా జీతాలు సంపాదించే విద్య నేర్పుతుంటే, ఈయన వాటిని మిగుల్చుకునే విద్య నేర్పుతాడన్నమాట, అదీ చిన్నప్పటి నుంచే! పది రోజుల కోర్సు, ఫీజు వెయ్యి. అమీర్‌పేట ఆచారం ప్రకారం మొదటి క్లాసు ఫ్రీ డెమో.

ఆయనకు మాత్రం డెమో ఫ్రీ కాదు. గదికి మూడు నెలల అద్దె బాకీ.

“సారూ, గీ ఆదివారం అడ్మిషన్లు రాకుంటే బోర్డు దించుడే!” అన్నాడు బిల్డింగు ఓనరు రాజనర్సయ్య. అన్నవాడు ఊరుకోక, డెమోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు కూడా.

పన్నెండుమంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వచ్చారు. రామ్మోహనరావు టై సర్దుకుని, తొమ్మిదేళ్ల కూతురు ధాత్రిని ముందు నిలబెట్టాడు. పిల్ల చేతిలో మట్టి హుండీ.

“మా అమ్మాయండీ! ఏడాదిగా చాక్లెట్టు మాటెత్తలేదు. డబ్బు చేతికొస్తే ఏం చెయ్యాలమ్మా?”

“దాచుకోవాలి నాన్నా!”

చప్పట్లు! ఆయన హుండీని అందరి ఎదుటా పగలగొట్టాడు. పెంకులు రాలాయి. ఒక చీమ బయటికొచ్చింది. రూపాయి బిళ్ల ఒక్కటీ లేదు!

“డబ్బులేవమ్మా?”

“దాచుకున్నాను.”

“ఎక్కడ?”

“చెప్తే దాచుకున్నట్టెలా అవుతుంది?”

గది ఘొల్లుమంది. రామ్మోహనరావు తొణకలేదు. “చూశారా! దొంగల నుంచి కాపాడుకోవడం మా కోర్సులో నాలుగో పాఠం! ఏ దొంగకి భయపడ్డావు తల్లీ?”

“నీకే నాన్నా! అత్తయ్యిచ్చిన ఐదొందలు ‘ఇలా ఇవ్వమ్మా, దాచిపెడతాను’ అని తీసుకుని పంజగుట్ట బంకులో పెట్రోలు కొట్టించావుగా! హుండీలోవీ కొన్ని చీపురుపుల్లతో లాగావుగా!”

అందరూ నవ్వుతారనుకున్నాడు రామ్మోహనరావు. ఒక్కరు నవ్వితే ఒట్టు! పన్నెండుమంది పెద్దలూ తేలుకుట్టిన దొంగల్లా కిక్కురుమనలేదు. పిల్లలు మాత్రం వాళ్లకేసి అదోలా చూస్తున్నారు.

“మమ్మీ, అమ్మమ్మ నాకిచ్చిన వెయ్యి ఎక్కడ దాచావు?” అంది ఓ గొంతు.

రాజనర్సయ్య లేచాడు. “ఫికర్ చెయ్యకు సారూ. బిడ్డ నా దగ్గర దాస్కుంది. మూడొందల నలబై. కిరాయి కింద పట్టుకోమన్నది, బోర్డు దించొద్దన్నది.”

ఇక పిల్లల్ని పట్టేవాళ్లెవరు! కోర్సులో చేరతామని పన్నెండుమందీ మొండికేశారు. ధాత్రి పాఠం చెప్తేనేనట! పెద్దలు నోరెత్తకుండా ఫీజులు కట్టారు.

రాజనర్సయ్య బాకీ అందుకుని, ధాత్రి డబ్బు ధాత్రి చేతిలో పెట్టాడు. “సారు కిరాయి కట్టిండు. నీ పైసలు నీకే బిడ్డా.”

రామ్మోహనరావుకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత మంచి పిల్లని కన్నాను అనుకున్నాడు. కూతురి తల నిమిరి, ప్రేమగా చెయ్యి చాపాడు.

“ఇలా ఇవ్వమ్మా, దాచిపెడతాను.”