తీతమ్మ క్షేమ సమాచారం

ఒక పెద్ద అడవిలో, ఒక కొసన కురిసిన వాన రెండో కొసకి పుకారుగా చేరేంత పెద్ద అడవిలో, తీతమ్మ అనే తీతువు పిట్ట ఉండేది. ఆకాశం విరిగి మీద పడితే ఆపడానికి తీతువులు కాళ్ళు పైకెత్తి పడుకుంటాయని చెప్పుకుంటారు. మిగతా తీతువుల సంగతి తెలియదు గానీ, తీతమ్మ నిజంగానే అలా పడుకునేది. పైగా మధ్యలో లేచి, కాళ్ళు నిటారుగానే ఉన్నాయా అని చూసుకుని మళ్ళీ పడుకునేది.

అడవికి కూత వెయ్యడం ఆమె ఉద్యోగం. ఏటి ఒడ్డున నల్లగుట్ట మీద నిలబడి, చిరుత కదిలితే చిరుతని, గద్ద తిరిగితే గద్దని, ఎగువన ఏరు పొంగితే నీళ్ళని కూసేది. ఎగువ మలుపులు ఆ గుట్ట మీదికే కనిపిస్తాయి, ఇంకెక్కడికీ కనిపించవు.

పిల్లలు మాత్రం ఆమె దగ్గర లేరు. తీతువులు గుడ్లు ఇసుకలో పెడతాయి. ఈ ఒడ్డున ఒకప్పుడు ఇసుక ఉండేది. ఎవరెత్తుకుపోయారన్న దాని మీద విచారణ ఇంకా సాగుతోంది. అందుకని ఆమె ఏటి నడుమ, పొరుగు అడవికి చెందిన లంకలో గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టాయి, పరుగులు నేర్చాయి, రెక్కలు మాత్రం ఇంకా రాలేదు. తండ్రి బుచ్చయ్య దగ్గరే ఉన్నాడు. బుచ్చయ్య చాలా మంచివాడు, నిద్రపోతున్నప్పుడు మరీ మంచివాడు. రోజులో ఎక్కువ భాగం మరీ మంచివాడుగానే ఉండేవాడు.

అందుచేత తీతమ్మ గుట్ట మీద నుంచే పిల్లల్ని పెంచేది. గద్ద వస్తోంది, ఇసుకకి అతుక్కోండి. నీళ్ళ అంచుకి పోవద్దు. ఎండెక్కింది, నీడకి నడవండి. నాన్న కళ్ళు మూశాడు, లేపండి. ఇవన్నీ లంకతో పాటు అడవంతా వినపడేవి. అడవి నవ్వుకునేది, నవ్వుకుంటూనే తన పిల్లల్ని కూడా నీడలోకి తోలుకునేది.

ఒక్క మాట మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు. ఏ ఆపదా లేని రోజున కూడా ఆమె అంతా బాగుందని అనేది కాదు. "ఇప్పటికి ఏమీ కనపడలేదు, అయినా ఒక కన్ను తెరిచే ఉంచండి" అనేది. చూడని దాన్ని చూశానని చెప్పడం ఆమెకి చేతకాదు.

ఇలా ఉండగా పులిరాజు పదవులు పంచాడు. పంచగా పంచగా చివరికి కుర్చీ ఒకటి మిగిలింది, పనులు నాలుగు మిగిలాయి. ఆటపాటలు, కూతలు, చెట్టుబెరడు మీద వార్తలు చెక్కడం, పొరుగు అడవులకి సాయం పంపడం. నాలుగింటినీ కలిపి ఒక శాఖ చేసి, ఆ కుర్చీలో ఎలుగుబంటిని కూర్చోబెట్టాడు. నాలుగు పనులకీ ఎలుగుబంటికి ఏమిటి సంబంధమని ఎవరో అడిగారట. సంబంధం లేదు కాబట్టే పక్షపాతం ఉండదని రాజు జవాబిచ్చాడట.

ఎలుగు మంత్రి మొదట ఆటపాటలు చక్కదిద్దాడు. నెమలి ఇకమీదట మబ్బు చూసి కాక, మంత్రిని చూసి ఆడాలి. తరవాత వార్తలు చక్కదిద్దాడు. వడ్రంగిపిట్ట తన ఇష్టమొచ్చిన చోట పొడవకూడదు, శాఖవారు ముందుగా బొక్కలు పెట్టి ఇస్తారు, ఆ బొక్కల్లోనే పొడవాలి. ఆ పైన కూతల వంతు వచ్చింది.

"రాజా, తీతువు కూస్తే కీడని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నాడు మంత్రి సభలో. "నేను స్వయంగా గమనించాను. ఆమె చిరుతని కూసిన ప్రతిసారీ చిరుత వచ్చింది. నీళ్ళని కూసిన ప్రతిసారీ నీళ్ళొచ్చాయి. కూత ఆపితే అవెందుకొస్తాయి?"

తను వేటకి బయల్దేరినప్పుడు కూడా తీతమ్మ మొహమాటం లేకుండా కూసేస్తుందని రాజుకి ఎప్పటి నుంచో గుర్రుగా ఉంది. మంత్రి తర్కం ఆయనకి వెంటనే బోధపడింది. ఇకమీదట శాఖ ఒప్పుకోని కూత గుట్ట దిగకూడదని ఉత్తర్వు వెలువడింది. పర్యవేక్షణకి ఉడుము కార్యదర్శి వచ్చాడు.

ఉడుముకి పర్యవేక్షణంటే ఒకటే అర్థం తెలుసు. గుట్టెక్కి, ముందుకాలితో తీతమ్మ కాలు పట్టుకుని, తోక ఆమె ముక్కు మీద ఆనించి కూర్చున్నాడు.

"కంగారుపడకు తీతమ్మా. నీ స్వేచ్ఛకి ఏ అడ్డూ లేదు. చెప్పదలచింది ముందు నా చెవిలో చెప్పు, నేను తోక తీస్తాను, నువ్వు కూద్దువుగాని" అన్నాడు.

"తియ్యకపోతేనో అయ్యగారూ?"

"అది చెప్పదగ్గది కాదని అర్థం చేసుకో."

ఉడుము చెడ్డవాడు కాదు. మాటల్ని సానపట్టడం అతనికి సరదా. చిరుత వచ్చిందని తీతమ్మ చెబితే, చిరుతగారి పర్యటన అని మార్చేవాడు. చెరువెండిందంటే, చెరువు విశ్రాంతి తీసుకుంటోందనేవాడు. సానపట్టేసరికి చిరుత పర్యటన ముగించుకుని, నోట కుందేలుతో వెళ్ళిపోయేది. ఇక గద్దని పక్షిజాతి ప్రముఖుడిగా మార్చి, ఆయన లంక మీద కాసేపు విహరిస్తారని కూయమన్న రోజున తీతమ్మ లంక వైపు నుంచి చూపు తిప్పలేదు. అదృష్టం బాగుండి ఆ పూట బుచ్చయ్య మెలకువగా ఉన్నాడు.

ఉద్యోగం వదిలేసి లంకకి పోదామని ఆమె ఆలోచించకపోలేదు. కానీ లంకలో కూర్చుంటే ఎగువ మలుపు కనపడదు. పిల్లల పక్కన ఉంటే ఆపద కనపడదు, ఆపద కనపడే చోట ఉంటే పిల్లలు దక్కరేమోనని భయం. దూరాన పిల్లల్ని పెట్టుకున్న తల్లి లెక్క ఎటు కూడినా తేలదు. నీళ్ళొస్తే మాత్రం ఈ ఉడుము కాళ్ళ మీద పడైనా కూస్తానని తనకి తాను చెప్పుకుని ఉండిపోయింది.

ఆ ఏడు పొరుగు అడవిలో వానల్లేవు. అక్కడి జంతువులు ఆకలికి అల్లాడుతున్నాయని తెలిసి ఎలుగు మంత్రికి ఉత్సాహం వచ్చింది. నాలుగో పని ఇంకా మొదలుపెట్టనే లేదు కదా. పడవెడు వెలగపండ్లు సాయంగా పంపాలని, లంకలో సభ పెట్టి, నెమలి చేత ఆడించి, తన చేతుల మీదుగా అందించాలని నిశ్చయించాడు.

కాయలు బాగున్నాయో లేదో ఎవరో ఒకరు చూడాలి. ఆ పర్యవేక్షణ ఏనుగులకి అప్పగించారు. ఏనుగులు ఒక్కో పండునీ శ్రద్ధగా మింగి, శ్రద్ధగా తిరిగి అప్పగించాయి. ఏనుగు మింగిన వెలగపండు సంగతి తెలియనిదెవరికి? పైన పెంకు పెంకులాగే ఉంటుంది, లోపల గుల్ల. ఎలుగు మంత్రి ఒకటి చేత్తో ఎత్తి చూసి, మోయడానికి ఎంత తేలిగ్గా ఉన్నాయోనని మెచ్చుకున్నాడు. వలల్లో నింపించి పడవెక్కించాడు.

సభ రోజున లంక కళకళలాడింది. పొరుగు అడవి తరఫున తాబేలు తాత, ఆయన వెనక కుందేళ్ళు, నీటికుక్కలు వచ్చి ఇసుకలో కూర్చున్నాయి. ఎలుగు మంత్రి వలల పక్కన నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఉపన్యాసం అయ్యాక గుట్ట మీద నుంచి తీతమ్మ తన గొంతుతో "అంతా క్షేమం" అని కూయాలి. ఆ గొంతైతేనే పొరుగువాళ్ళు నమ్ముతారని శాఖ అభిప్రాయం. వద్దంటే లంకలోని గూటికి వెళ్ళడానికి ఆమెకున్న అనుమతి రద్దవుతుందని కూడా ఉడుము మెత్తగా చెప్పి ఉంచాడు.

తీతమ్మ చూపు లంక మీదే ఉంది. తన పిల్లలు నీళ్ళ అంచున గవ్వలేరుకుంటున్నాయి. బుచ్చయ్య ఉపన్యాసం వింటూ మరీ మంచివాడైపోయాడు.

అలవాటు కొద్దీ ఆమె ఒకసారి ఎగువకి చూసింది.

మొదటి మలుపు దగ్గర నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏరు వెడల్పయింది. ఒక మాను వేళ్ళతో సహా దొర్లుకుంటూ వస్తోంది. పై కొండల్లో ఎక్కడో పెద్ద వానే పడినట్టుంది.

ఆమె ఉడుము చెవిలో చెప్పింది. ఉడుము ఎగువకి చూశాడు. పొట్టి కాళ్ళవాడికి ఏమీ కనపడలేదు.

"ఆధారం ఏది?" అన్నాడు.

"వస్తోందయ్యగారూ, మీకే కనపడుతుంది."

"వచ్చాక కూయి. అప్పుడది నిర్ధారణ అయిన వార్త అవుతుంది."

"లంకలో నా పిల్లలున్నారు. రెక్కలు రాలేదు. మీ పుణ్యముంటుంది, కాలైనా వదలండి, ఎగిరిపోయి చెప్పొస్తాను."

ఉడుము పట్టు గురించి వేరే చెప్పాలా. కోటగోడల్ని పట్టుకున్న వంశం. కాలు వదలలేదు, తోక తియ్యలేదు. అవతల సాక్షాత్తూ మంత్రిగారు సాయం చేస్తుంటే, వరదని కూయడమేమిటని బాధపడ్డాడు. ముందు హెచ్చరించినవాడికి దండ ఎవరు వేస్తారు, తరవాత సాయం చేసినవాడికి గానీ, అని శాఖ మర్మం కూడా విప్పి చెప్పాడు. ఇవాళ గుట్ట దిగడానికి అనుమతి ఉన్నది ఒక్క మాటకే అన్నాడు.

ఎర్రనీళ్ళు రెండో మలుపు తిరిగాయి.

తీతమ్మ రెక్కలు కొట్టుకోవడం మానేసింది. ఇవతల ముక్కు మీద తోక, అవతల నీళ్ళ అంచున పిల్లలు, నడుమ ఒకే ఒక్క మాట. ఆ మాట వాళ్ళు నమ్మితే మునుగుతారు. నమ్మకపోతేనే బతుకుతారు. పుట్టినప్పటి నుంచీ తల్లి మాట నమ్మమనే ఆమె వాళ్ళకి నేర్పింది.

"సరే అయ్యగారూ. అదే కూస్తాను. పిల్లలకి కూడా ఒక ముక్క కలపనా? భయం లేదు, హాయిగా నీళ్ళలో ఆడుకోండని?"

ఉడుము ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకి నీకు ఉద్యోగం పట్టుబడిందని మెచ్చుకున్నాడు. తోక తీశాడు.

తీతమ్మ ఊపిరంతా కూడగట్టుకుని తన జన్మలో మొదటి అబద్ధం కూసింది.

"అంతా క్షేమం! భయమేమీ లేదు పిల్లల్లారా! నీళ్ళలో దిగి ఆడుకోండి, నాన్నని లేపకండి!"

లంకలో చప్పట్లు మోగాయి. ఎలుగు మంత్రి నవ్వుతూ కూర్చుని, నెమలికి సైగ చేశాడు. నెమలి పురి విప్పింది.

గుట్ట మీద తీతమ్మ రెప్ప వెయ్యలేదు. నీళ్ళ అంచున పిల్లలు గవ్వలు పట్టుకుని అలాగే నిలబడిపోయాయి. పెద్దది తల పక్కకి వంచింది. తరవాత గవ్వ కింద పడేసి, తండ్రి రెక్క పట్టి లాగింది. బుచ్చయ్య ఉలిక్కిపడి లేచాడు. మరుక్షణం తండ్రీ పిల్లలూ లంక నడుమ ఉన్న ఎత్తు మిట్ట వైపు పరుగో పరుగు. తాబేలు తాత వాళ్ళని చూశాడు, గుట్ట వైపు చూశాడు, తనూ మెల్లగా లేచాడు. తాబేలే లేచాక కుందేళ్ళు ఆగుతాయా. నీటికుక్కలు తాతని వీపుల మీదికెత్తుకుని మిట్టెక్కించాయి.

ఖాళీ అయిన ఇసుకని చూసి ఎలుగు మంత్రి, పొరుగువాళ్ళకి కళాభిరుచి తక్కువన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా ఏరు సభలోకి వచ్చింది.

నెమలి చెట్టెక్కింది. పడవ పోయింది. ఎలుగు మంత్రికి అందింది వెలగపండ్ల వల ఒక్కటే. గుల్ల కాయలు కదా, చక్కగా తేలాయి. వలని కావలించుకుని ఆయన ఏటి వెంట ఉపన్యాసం లేకుండా పోతుంటే, నీటికుక్కలు ఈదుకెళ్ళి ఒడ్డుకి లాగాయి. ఆకలితో ఉన్న పొరుగు అడవి తమకున్న నాలుగు దుంపల్లో రెండు ఆయనకి పెట్టి ఇంటికి సాగనంపింది.

శాఖ పెట్టిన బొక్కల్లో వడ్రంగిపిట్ట ఆ వార్తని ఇలా చెక్కింది: మన వెలగపండ్ల సాయం సరిగ్గా అవసరమైనవారికే అందినది.

తరవాత విచారణ జరిగింది. తీతమ్మ రెక్కలు విరవాలని ఎలుగు మంత్రి పట్టుబట్టాడు. ఉడుము లేచి, ఆమె తను ఒప్పుకున్న దానికన్నా ఒక్క అక్షరం ఎక్కువ కూయలేదని, ఆ సమయమంతా కాలు తన చేతిలోనే ఉందని చెప్పాడు. మాట శాఖది, అనుమతి శాఖది. ఇక మిగిలిన నేరస్థుడు మాటే. "అంతా క్షేమం" అన్నారు, వరద వచ్చింది, కాబట్టి ఆ మాటే అపశకునమని తేల్చి దాన్ని నిషేధించారు.

నీళ్ళు తీశాక తీతమ్మ సెలవడిగి లంకకి వెళ్ళింది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుంది. అబద్ధం చెప్పినందుకు తల దించుకుని, నిజమని నమ్ముతారేమోనని హడలిపోయాను నాన్నా, అంది.

"నువ్వు భయం లేదన్నావు కదమ్మా," అంది పెద్దది, "అప్పుడే భయమేసింది."

మర్నాడు గుట్ట మీద ఉడుము యథాప్రకారం కాలు పట్టుకుని కూర్చున్నాడు. కీడు కూయకూడదు, క్షేమం కూయకూడదు. ఇవాళేం కూస్తావని దిగులుగా అడిగాడు. తీతమ్మ ఎగువకి చూసి, దిగువకి చూసి, అతని చెవిలో చెప్పింది. ఉడుము ఉత్తర్వులన్నీ మనసులో తిరగేశాడు. ఆ మాట కీడులోకీ రాదు, క్షేమంలోకీ రాదు. తోక తీశాడు.

"ఇప్పటికి ఏమీ కనపడలేదు," అని కూసింది తీతమ్మ, "అయినా ఒక కన్ను తెరిచే ఉంచండి."

నీతి: అంతా క్షేమమన్న కబురు ఎవరు చెప్పినా వినవచ్చు, కాకపోతే ముందు గట్టెక్కి వినాలి.